కాలికి ఈసీజీ

మా బావ సిటీ బస్సు డ్రైవరు. ఇరవై రెండేళ్లుగా అదే పని. పొద్దున ఐదింటికి డ్యూటీ ఎక్కి, మధ్యాహ్నం రెండున్నరకి దిగి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, టీ తాగి, మళ్లీ స్టీరింగు ముందు కూర్చుంటాడు. రోజంతా మిఠాయి కొట్టులో పనిచేసినవాడు ఇంటికెళ్లి మిఠాయి ముట్టుకుంటాడా? ముట్టుకోడు. మా బావ మాత్రం పొట్లం కట్టించుకుని మరీ తెచ్చుకుంటాడు.

ఆ రెండో స్టీరింగు ఉండేది అక్కావాళ్లింట్లో వెనక గదిలో. కంప్యూటర్లో కారు పందేలు ఆడేవాళ్లు దాన్ని సిమ్ రిగ్ అంటారు. ఒక ఇనుప చట్రం, దాని మీద సీటు, ముందు మోటారు బిగించిన స్టీరింగు, కింద పెడల్సు, ఎదురుగా పెద్ద తెర. తెర మీద కారు పట్టు తప్పితే ఇక్కడ స్టీరింగు చేతుల్లో గింజుకుంటుంది. బ్రేకు పెడల్ మీద కాలు ఎంత బరువు వేస్తే అక్కడ కారు అంత గట్టిగా ఆగుతుంది. అందరూ దీనికోసం పందెం కారు సీటు కొనుక్కుంటారట. మా బావ డిపోలో తుక్కు కింద పారేసిన బస్సు డ్రైవరు సీటు తెచ్చుకున్నాడు. గంటకి రెండొందల యాభై కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే కారుని, వెనకాల నలభై మంది ప్రయాణికులు ఉన్నట్టు నిటారుగా కూర్చుని నడుపుతాడు. ఎవడైనా దాటి వెళ్లిపోతుంటే "పో నాయనా, పో, నీకేదో తొందర ఉన్నట్టుంది" అని దారి ఇచ్చేస్తాడు. అందుకే ప్రతి ఆదివారం ఇంటర్నెట్‌లో జరిగే పందేల్లో ఆయన ఎప్పుడూ పదకొండో వాడో, పన్నెండో వాడో. ఇరవై మందిలో పదకొండో స్థానం వచ్చిన రోజు మా అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పాడు. అక్క అప్పుడు పక్క గదిలోనే ఉంది.

అక్క బడిలో లెక్కలు చెబుతుంది. ఆ రిగ్గు వచ్చినప్పుడు ఇస్త్రీ బల్ల బాల్కనీ పాలయింది, బట్టలారేసుకునే స్టాండు పడగ్గదిలోకొచ్చింది. దాన్ని అక్క "ఇంటి బస్సు" అంటుంది. అన్నప్పుడల్లా కాస్త పళ్లు కొరుకుతుంది.

డిపోలో బావని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆయన కంప్లైంట్ గారు. డ్యూటీ దిగిన డ్రైవరు బండిలో లోపాలేమైనా ఉంటే డిపో పుస్తకంలో రాయాలి, మెకానిక్ అది బాగుచేసి పక్కన సంతకం పెట్టాలి. మిగతా డ్రైవర్లు "ఓకే" అని గిలికి ఇంటిదారి పడతారు. మా బావ మాత్రం నిలబడి పేరాలు రాస్తాడు. "వెనక తలుపు మూసుకునేటప్పుడు మూలుగు. ఎడమ అద్దం రెండో గేరులో మాత్రమే అదురుతోంది. మూడో గేరులో లేదు." ఈ రాతలన్నిటికీ బలైపోయే డిపో మెకానిక్కే ఆయనకి ప్రాణ స్నేహితుడు కావడం విచిత్రం. ఇంటి బస్సు చట్రాన్ని వెల్డింగు చేసింది కూడా ఆ మెకానిక్కే.

ఇక నా సంగతి. నేను ఆసుపత్రిలో ఈసీజీ తీస్తాను. రోజుకి ముప్పై నలభై మంది గుండెల్ని కాగితం మీదికి దింపుతాను. ఈ పనిలో నాకు కాస్త పొగరు ఉన్నమాట నిజం. ఇంట్లో ఏ వాదన వచ్చినా, "మనుషులు అబద్ధం చెబుతారేమో గానీ గీత చెప్పదు" అని ఎదుటివాళ్ల నోరు మూయించడం నాకు అలవాటు. ఆ మాట ఎవరైనా నమ్ముతారని, నమ్మి కొంపమీదికి తెచ్చుకుంటారని నేనెప్పుడూ అనుకోలేదు.

ఒక గురువారం మధ్యాహ్నం బావ డ్యూటీ చొక్కాతోనే నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు. ఏంటి బావా ఇలా వచ్చావ్? అక్క బాగానే ఉందా?"

"మీ అక్కకేం, నిక్షేపంలా ఉంది. పొద్దునే రెండుసార్లు తిట్టింది." తలుపు దగ్గరగా వేసి గొంతు తగ్గించాడు. "నువ్వొక పని చేసిపెట్టాలి. ఎవరికీ చెప్పకూడదు. నాకొక ఈసీజీ తియ్యి."

నేను కుర్చీలోంచి లేచాను. "ఛాతీలో నొప్పా? చెమటలు పడుతున్నాయా? ముందు నువ్వు పడుకో!"

"అబ్బా, గుండెకి కాదే. కాలికి."

"దేనికి?"

"కాలికి. కుడికాలికి." పాంటు మోకాలిదాకా మడిచి, నా మంచం మీద కాలు చాపి కూర్చున్నాడు. "ఈ కాలు ఒక్కటే చాలు. రెండోది బాగానే ఉంది."

నేను నవ్వాను. నవ్వకుండా ఎలా ఉంటాను? పద్నాలుగేళ్ల సర్వీసులో కాలికి ఈసీజీ అడిగినవాడు లేడు. పళ్లకి కూడా తీయించుకుంటావా, ఆదివారం తగ్గింపు ఉంది అన్నాను. బావ నవ్వలేదు. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.

అది డిపో మేనేజరుకి రాసిన అర్జీ. బావ దస్తూరీ గుండ్రంగా, బడిపిల్లాడి రాతలా ఉంటుంది. "నా కుడికాలిలో లోపం ఉన్నట్టు గమనించితిని. బ్రేకు తొక్కి పట్టినప్పుడు వణుకు. అప్పుడప్పుడు నాకు తెలియకుండానే పట్టు వదులుతోంది. ఆరు వారాలుగా ఉంది. ప్రయాణికుల క్షేమం దృష్ట్యా నన్ను డ్రైవింగు నుండి తప్పించి టిక్కెట్ల కౌంటరులో పని ఇప్పించ ప్రార్థన." కింద సంతకం. తేదీ వచ్చే సోమవారానిది.

నాకు నవ్వు ఎటు పోయిందో తెలీదు.

"ఎవరు చెప్పారు నీ కాలు వణుకుతోందని?"

"తెర మీద చూశాను. బ్రేకు ఎంత తొక్కామో చూపించే గీత ఒకటి ఉంటుంది. ఇదివరకు నేను తొక్కితే ఆ గీత బల్లపరుపుగా నిలబడేది. ఇప్పుడు రంపం పళ్లలా వణుకుతోంది. ఒక్కోసారి నేను తొక్కుతూనే ఉంటాను, గీత కిందికి పడిపోతుంది. అంటే కాలు వదిలేస్తోంది కదా? నాకు తెలియను కూడా తెలియడం లేదు. రేపు బస్సులో వదిలేస్తే? బడి పిల్లలు దాటుతుంటే వదిలేస్తే?"

"బస్సులో ఎప్పుడైనా అలా జరిగిందా?"

"ఇంకా లేదు," అన్నాడు. ఆ "ఇంకా" అన్న మాట ఆయన నోట్లోంచి ఎంత కష్టంగా వచ్చిందో నేను మర్చిపోలేను.

చెయ్యి పట్టుకుని నరాల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. ఆయన మోకాలి మీద సుత్తితో కొట్టాడు, వేళ్ల మీద నిలబెట్టాడు, కాలితో తన అరచేతిని నెట్టమన్నాడు, నెడితే కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "మీ కాలు నాకు ఇచ్చెయ్యండి, నాది మీరు తీసుకోండి," అని నవ్వి పంపించేశాడు. హమ్మయ్య అనుకున్నాను. వరండాలో బావ మొహం చూస్తే హమ్మయ్య అన్న జాడ ఎక్కడా లేదు.

"డాక్టరు చెప్పింది విన్నావుగా?"

"ఆయన సుత్తితో కొట్టి చూశాడు. నేను గీత చూశాను. గీత అబద్ధం చెప్పదని నువ్వే కదా అంటావు?"

నా మాట నాకే అప్పజెప్పి, పాంటు మడత విప్పుకుని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మీదే.

ఆదివారం పొద్దున్నే అక్కావాళ్లింటికి వెళ్లాను. వెళ్లేసరికి వెనక గదిలో మెకానిక్ ఇంటి బస్సు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. బావ టార్చి పట్టుకుని కూర్చున్నాడు. అక్క గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, పరీక్ష హాల్లో నిలబడ్డట్టు నిలబడింది. కాలి సంగతి ఆమెకింకా తెలీదు. ఇంటి బస్సు పాడైంది, మొగుడు దిగాలుగా ఉన్నాడు, అంతవరకే తెలుసు.

"ఏమైంది దీనికి?" అన్నాను ఏమీ తెలియనట్టు.

"ఏం కాలేదో అడుగు," అంది అక్క. "పందెం మధ్యలో టడుంగుమని చప్పుడొస్తుంది, స్టీరింగు చచ్చిపోతుంది. కంప్యూటరుకీ దీనికీ మధ్య ఉన్న కేబులు ఊడిపోయిందంటుంది. చూస్తే ఊడదు. మీ బావ ముందు ఫ్రిజ్జుని అనుమానించారు. తర్వాత ఇస్త్రీపెట్టెని. తర్వాత నా వాషింగ్ మిషన్ని. మూడు ఆదివారాలు నన్ను బట్టలు ఉతకనివ్వలేదు. నేను ఆయన రాసిన పుస్తకం తీసి లెక్క కట్టాను. పదిహేడు సార్లు ఆగితే, వాషింగ్ మిషన్ తిరుగుతున్నది అయిదు సార్లే. మిగతా పన్నెండు సార్లు ఎవరు తిరిగారని అడిగాను."

"ఎవరు తిరిగారు?"

"మీ బావ తల తిరిగింది."

బావ నిజంగానే పుస్తకం పెట్టాడు. డిపో పుస్తకం లాగే గళ్లు కొట్టి, తేదీ, టైము, ఏ మలుపు, ఇంట్లో ఏమేం నడుస్తున్నాయి, అన్నీ రాశాడు. చూస్తే ఒక సంగతి స్పష్టంగా ఉంది. ఆగిన ప్రతిసారీ బండి గట్టి మలుపులో ఉంది. అంటే స్టీరింగు మోటారు గట్టిగా గింజుకుంటున్నప్పుడన్నమాట. ఇంకో సంగతి కూడా ఉంది. వారం వారానికీ లోపం తగ్గలేదు, పెరిగింది. మొదటి ఆదివారం ఒక్కసారి, కిందటి ఆదివారం ఆరుసార్లు.

"మధ్యలో మీరిద్దరూ దీనికి ఏం చేశారు?" అని అడిగాను.

చట్రం కింది నుంచి మెకానిక్ గర్వంగా చెప్పాడు. "ఎర్త్ ఇస్తున్నాం చెల్లెమ్మా. బస్సులో ఏ లైటు మిణుకుమన్నా, ఏ మీటరు ఎగిరినా నూటికి తొంభైసార్లు ఎర్తే. బాడీ మీద రంగు గీకి, తీగ బిగించామంటే తిక్క కుదురుతుంది. దీనికి కూడా వారానికి రెండు మూడు చొప్పున ఇస్తూ వస్తున్నాను. ఇప్పుడు పద్నాలుగోది బిగిస్తున్నా."

వంగి చూశాను. చట్రం నిండా రంగు గీకిన మచ్చలు, ప్రతి మచ్చలోనూ ఒక బోల్టు, బోల్టుకి అల్లిక తీగ. మోటారుకి మూడు, పెడల్సుకి నాలుగు, తెర స్టాండుకి రెండు, ఆఖరికి కప్పు పెట్టుకునే రింగుకి కూడా ఒకటి.

"దీనికెందుకు?"

"ఇనుమేగా," అన్నాడు మెకానిక్.

బావని కూర్చోమన్నాను. బ్రేకు తొక్కి పట్టుకోమన్నాను. ఆయన నా వైపు భయంగా చూసి, అక్క వైపు ఇంకా భయంగా చూసి, తొక్కాడు. తెర మీద గీత లేచింది. లేచి, వణికింది. నేను దగ్గరికి జరిగి, గీతని సాగదీసి పెద్దది చెయ్యమన్నాను. చూశాను.

ఇక్కడ కాస్త నా పని గురించి చెప్పాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లు చలికి వణుకుతారు, భయానికి వణుకుతారు, ముసలితనానికి వణుకుతారు. ఆ వణుకంతా గీతలోకి వస్తుంది. అది ఎప్పుడూ ఒక తీరుగా ఉండదు, పిల్లలు గీసిన కొండల్లా చిన్నా పెద్దా కలిసి ఉంటుంది. గోడలోని కరెంటు గీతలోకి చొరబడ్డప్పుడు వచ్చే వణుకు వేరు. దువ్వెన పళ్లలా ఉంటుంది. అన్నీ ఒకే ఎత్తు, ఒకే ఎడం. ఏ మనిషి కాలూ అంత క్రమశిక్షణగా వణకదు.

తెర మీద ఉన్నది దువ్వెన.

"బావా, కాలు తియ్యి," అన్నాను. "అక్కా, వంటింట్లోంచి ఆ ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా పట్రా."

మెకానిక్ తాడుతో డబ్బాని పెడల్ మీద కదలకుండా కట్టాడు. గీత లేచింది. లేచి, అచ్చం అలాగే వణికింది. నేను బావ వైపు తిరిగి, "చూశావా? నీళ్ల డబ్బాకి కూడా కాలు వణుకుతోంది. దాన్ని కూడా నరాల డాక్టరుకి చూపిద్దామా?" అన్నాను.

"కాలు వణకడం ఏంటి?" అంది అక్క. "నరాల డాక్టరు ఎవరికి?"

బావే చెప్పాడు. కాలు, గీత, అర్జీ, సోమవారం. అక్క ఒక్క మాట కూడా అడ్డం రాకుండా విన్నది. అది చూసి నాకు భయమేసింది. మా అక్క అడ్డం రాకుండా వినడం నేను ఎరగను.

"ఆరు వారాలు," అంది అంతా అయ్యాక. "ఇంటి బస్సు ఆగిందని పదిహేడు సార్లు రాశారు. నాకు ఒక్కసారి చెప్పలేకపోయారా?"

బావ తలొంచుకున్నాడు. "డబ్బాకి వణికింది సరే," అన్నాడు మెల్లగా. "కరెంటు వణుకు పైన ఉందని, కింద నా వణుకు లేదని ఎలా చెప్పగలం? రెండూ ఉండొచ్చుగా?"

ఆయన అన్నది నిజమే. దువ్వెన పళ్ల వెనక ఏం దాక్కున్నా కనిపించదు. ముందు కరెంటుని తరిమితే తప్ప ఆయన కాలు సంగతి తేలదు.

లేవబోతూ చట్రం మీద చెయ్యి ఆనించాను. వేళ్లు చిమచిమలాడాయి.

"ఇది ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ ఉంది," అన్నాడు బావ. "చాలా కొద్దిగా."

"మంచిదే చెల్లెమ్మా," అన్నాడు మెకానిక్. "ఒంట్లో రక్తం ఆడుతుంది."

నేను వాళ్లిద్దరినీ ఏమన్నానో ఇక్కడ రాయను. తీగ పట్టుకుని చివరిదాకా వెళ్లాను. సీటు వెనక పవర్ బాక్సు, దానికి మూడు పిన్నుల ప్లగ్గు. ఆ గదిలో పాతకాలపు సాకెట్టు, రెండే రంధ్రాలు. అందుకని మధ్యలో రెండు పిన్నుల అడాప్టరు ఒకటి పెట్టారు. మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, దిక్కులేకుండా గాలిలో ఆగిపోయింది.

"పద్నాలుగు ఎర్తులు ఇచ్చారు," అన్నాను. "ఒక్కటైనా భూమిదాకా వెళ్లిందా?"

మెకానిక్ బుర్ర గోక్కున్నాడు. "బాడీకి ఇచ్చాం కదా?"

"బస్సుకి బాడీయే భూమి అన్నా. అది తన భూమిని తనే మోసుకుని తిరుగుతుంది. ఇది ఇంట్లో ఉంది. దీని భూమి ఆ గోడ వెనక ఉంది. దారి మూసేసి, మోటారు చెత్తంతా చట్రం మీదికి వదిలారు. చట్రం మీంచి నువ్వు వేసిన తీగల్లోకి, తీగల్లోంచి పెడల్లోకి, కేబుల్లోకి, అది ఎటుపడితే అటు తిరుగుతోంది. గీత పడిపోయేదీ, స్టీరింగు చచ్చిపోయేదీ అందుకే. నువ్వు ఎంత ప్రేమగా తీగ బిగిస్తే దానికి అంత కొత్త దారి దొరికింది. మేం మనిషికి తీగలు పెట్టేటప్పుడు కుడికాలికి ఒక నల్ల తీగ పెడతాం. అది గుండెని చదవదు, మిగతావాటిని నిలకడగా ఉంచుతుంది. ఒక్కటే పెడతాం. మంచిది కదా అని పద్నాలుగు పెట్టం."

మెకానిక్ మొహం చిన్నబోయింది. ఆయన తప్పు కూడా కాదు పాపం. ఇరవై ఏళ్లు బస్సుల్ని బతికించిన వైద్యం అది.

వంటింట్లో ఫ్రిజ్జు పక్కన మూడు రంధ్రాల సాకెట్టు ఇంకొకటి ఉంది. మెకానిక్ టెస్టు బల్బు తెచ్చి దాని ఎర్త్ చూశాడు. బల్బు నిండుగా వెలిగింది, అంటే ఎర్త్ బాగానే ఉంది. అక్కడి నుంచి హాలు మీదుగా మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ లాగాం. మోటారు కరెంటు తీగనీ కంప్యూటరు కేబులునీ బస్సు వైరింగులా ముచ్చటగా ఒకే కట్టగా టేపు చుట్టి పెట్టారు, సరిగ్గా ఆరు వారాల కిందటే. ఆ టేపు కోసి, రెంటినీ చెరో పక్కకి విడదీశాను. ఆసుపత్రి స్టోరులో మూలపడ్డ నల్లటి ఫెర్రైట్ ముక్క ఒకటి, అనుమానం కొద్దీ, శనివారమే అడిగి తెచ్చుకున్నాను. కేబులు మీద గుండులా బిగిస్తే, పక్క తీగల రొద లోపలికి రాకుండా చాలావరకు ఆపుతుంది. అది పెడల్ కేబులుకి బిగించాను. ఇక ఎర్త్ తీగలు. ఒక్కొక్కటీ విప్పుతుంటే మెకానిక్ పన్ను పీకించుకుంటున్నట్టు మొహం పెట్టాడు. పదమూడు విప్పాం. పవర్ బాక్సు నుంచి చట్రానికి ఒక్కటి ఉంచాం.

డబ్బా మళ్లీ పెట్టాం. గీత లేచింది, నిలబడింది. స్కేలు పెట్టి గీసినట్టుంది. మెకానిక్ స్టీరింగుని కుడికీ ఎడమకీ తిప్పి మోటారుని గింజుకునేలా చేశాడు. టడుంగుమనలేదు. గీత కదల్లేదు.

"రా బావా, కూర్చో," అన్నాను.

బావ రాలేదు. ముందు టీ తాగుదాం అన్నాడు. టీ అయ్యాక, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత, కొత్తగా బిగించిన తీగలు కాస్త కుదురుకోవాలి కదా, సాయంత్రం చూద్దాం అన్నాడు. తీగలు కుదురుకోవడం ఏమిటి, అవేమైనా కొత్తకోడళ్లా అని నేను గొంతు పెంచబోయాను. అంతలో నాకు సంగతి తట్టింది. ఇప్పటిదాకా గీత వణికితే అనుమానం. ఇప్పుడు వణికితే ఇంకెవరి మీదికీ నెట్టడానికి లేదు, ఫ్రిజ్జు లేదు, వాషింగ్ మిషన్ లేదు.

అక్క డబ్బా తీసి పక్కన పెట్టింది. ఇంటి బస్సు వచ్చిన ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా దాని సీటు ముట్టని మనిషి, ఎక్కి కూర్చుంది. కాలు పెట్టి బ్రేకు తొక్కింది. గీత పడుతూ లేస్తూ, గుంతల రోడ్డులా వచ్చింది.

"ఇదీ నా కాలు," అంది బావతో. "ఈ కాలితోనే బడికి వెళ్తున్నాను, మెట్లెక్కుతున్నాను, మీతో సంసారం చేస్తున్నాను. ఇప్పుడు మీది చూపించండి. వణికితే వణికింది. కౌంటర్లో కూర్చుని టిక్కెట్లు ఇద్దురుగానీ. నేను రోజూ వచ్చి కొనుక్కుంటాను."

బావ కూర్చున్నాడు. చెప్పు విప్పి, కాలు పెట్టాడు. తొక్కాడు.

గీత లేచింది. దువ్వెన పళ్లు లేవు. కానీ స్కేలు గీత కూడా కాదు. మెల్లగా, ఊపిరి తీసినట్టు, ఇసుమంత పైకీ ఇసుమంత కిందికీ ఆడుతోంది.

"అదిగో," అన్నాడు బావ. "అదిగో, ఉంది."

"ఏది బావా?"

"ఆ కదలిక. డబ్బాకి లేదు."

"డబ్బా బతికి లేదు కనక లేదు! అది నువ్వు బావా. బతికున్న కాలు. గీత బొత్తిగా కదలకుండా ఉంటే మా ఆసుపత్రిలో ఎవరూ చప్పట్లు కొట్టరు. గంట మోగించి, మంచం దగ్గరికి పరిగెత్తుకొస్తారు."

బావ అలాగే తొక్కి పట్టుకున్నాడు. పది సెకన్లు, ఇరవై, ముప్పై. అక్క గడియారం చూస్తోంది. గీత జారలేదు, పడలేదు. నిమిషం అయ్యాక కాలు తీసి, స్టీరింగు మీద నుదురు ఆనించి కూర్చుండిపోయాడు. భుజాలు కదిలాయి. నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. మెకానిక్ వంగి, ఎప్పుడో విప్పేసిన బోల్టుల్ని ఏరుకుంటున్నట్టు నటించాడు. ఆ తర్వాత మెకానిక్ కాలు కూడా చూశాం. ఆయన గీత మా అక్క గీతకన్నా అన్యాయంగా ఉంది. నా గీత సంగతి అడక్కండి.

అర్జీని బావ చింపలేదు. ఆయన కాగితాలు చింపే రకం కాదు. దాని వెనక "లోపం కాలిలో కాదు, ఎర్త్‌లో. సరిచేయబడినది" అని రాసి, మెకానిక్ చేత సంతకం పెట్టించాడు. అక్క దాన్ని లాక్కుని తన లెక్కల పుస్తకంలో పెట్టుకుంది. నరాల డాక్టరు పరీక్షని మాత్రం ఏడాదికోసారి చేయించాల్సిందేనని షరతు పెట్టింది.

సోమవారం నాకు మధ్యాహ్నం డ్యూటీ. కావాలనే బావ బస్సు ఎక్కాను. ఆయన నన్ను అద్దంలో చూశాడు గానీ పలకరించలేదు. డ్యూటీలో మరదలైనా ప్రయాణికురాలే. బస్సు నిండుగా ఉంది. నా ముందు సీట్లో ఒక పెద్దావిడ, ఒళ్లో సంచీ పెట్టుకుని, తల కిటికీకి ఆనించి నిద్రపోతోంది. మార్కెట్టు స్టాపు దగ్గర బస్సు ఆగింది. సగం మంది దిగారు, సగం మంది ఎక్కారు, బస్సు మళ్లీ కదిలింది. తర్వాతి స్టాపు వచ్చేముందు ఆవిడ ఉలిక్కిపడి లేచింది. కిటికీలోంచి చూసి, సంచీ పట్టుకుని, తూలుకుంటూ డ్రైవరు దగ్గరికి వెళ్లింది.

"మార్కెట్టు దగ్గర ఆపలేదేం?"

"ఆపానమ్మా."

"ఎక్కడ ఆపావ్? ఆపితే నాకు తెలియదా? ముప్పై ఏళ్లుగా బస్సులెక్కుతున్నాను. బ్రేకు వేస్తే ముందు సీటుకి తల కొట్టుకోవాలి, అప్పుడు లేచి దిగుతాను. నువ్వేంటయ్యా, ఆగిందో లేదో ఒంటికి తెలియకుండా ఆపావు? సరిగ్గా బ్రేకు వెయ్యడం కూడా రాదా నీకు?"

బస్సులో నలుగురైదుగురు నవ్వారు. ఆవిడకి ఇంకా కోపం వచ్చింది. ఇలాంటి వాళ్లకి బస్సులెవరిస్తారో తెలీదంది. మేనేజరుకి కంప్లైంటు ఇస్తానంది.

"ఇవ్వండమ్మా," అన్నాడు బావ. "తప్పకుండా ఇవ్వండి. బండి నంబరు అద్దం పక్కన రాసి ఉంటుంది."

స్టాపులో బస్సు ఆపాడు. ఆవిడ తిట్టుకుంటూ దిగి, సంచీ భుజాన వేసుకుని, వెనక్కి మార్కెట్టు వైపు నడిచింది. బావ పక్క అద్దంలో ఆవిడని చూస్తూనే ఉన్నాడు. వెనక నుంచి ఎవరో హారన్ కొట్టేదాకా బస్సు కదపలేదు.